బిల్లు వెనక రాసిన ఆరు నెలలు

మార్కాపురం దగ్గరి ఒక ఊళ్ళో మా నాన్నగారు ఇరవై రెండేళ్ళ పాటు మోటారు వైండింగ్ షాపు నడిపారు. పొలం బావుల మీద నడిచే 3, 5 హార్స్‌పవర్ మోనోబ్లాక్ మోటార్లు కాలిపోతే రైతులు వాటిని ఎద్దుల బండి మీదో, బస్సు టాపు మీదో వేసుకొని మా షాపుకు తెచ్చేవారు. కాలిన తీగ తీసేసి కొత్త రాగి తీగ చుట్టి ఇవ్వడం ఆయన పని. మోటారు అప్పగించేటప్పుడు బిల్లును వెనక్కి తిప్పి నీలం సిరాతో ప్రతిసారీ ఒకే వాక్యం రాసేవారు: "వైండింగ్ లోపం వల్ల ఆరు నెలల లోపు కాలినచో మరల ఉచితముగా చుట్టి ఇవ్వబడును." దాని కింద తేదీ వేసి సంతకం చేసేవారు. రైతులు దాన్ని అడిగి రాయించుకునేవారు కారు. చాలామందికి అది చదవడం కూడా వచ్చేది కాదు. అయినా ఆయన రాయకుండా ఏ మోటారునూ గడప దాటనివ్వలేదు.

ఆ పూచీ రాసివ్వడంలో అంత పట్టుదల ఎందుకో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. షాపులో కూర్చుని చూసిన కొద్దీ తెలిసింది. చుట్టడం పూర్తయి మూత బిగించాక మంచి పనికీ చెడ్డ పనికీ బయటికి ఏ తేడా కనబడదు. లోపల గాడుల్లో ఇన్సులేషన్ కాగితం సరిగ్గా కూర్చుందా, చుట్ల లెక్క తప్పిందా, తీగ గేజి ఒక అంకె సన్నబడిందా, వార్నిష్ పూర్తిగా ఆరిందా అన్నవి మూత బిగించిన తరువాత ఎవరికీ కనబడవు. వార్నిష్ సరిగ్గా ఆరకపోతే తీగచుట్టలు గట్టిపడక మోటారు తిరిగినప్పుడల్లా అదురుతూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. తీగ మీది ఎనామిల్ పూత అరిగి ఏదో ఒక రోజు లోపలే షార్టవుతుంది. ఆ రోజు మొదటి వారంలో రావచ్చు, నాలుగో నెలలో రావచ్చు. స్విచ్చి వేస్తే మాత్రం రెండు మోటార్లూ ఒకేలా తిరుగుతాయి, రెండూ ఒకేలా నీళ్ళు పోస్తాయి, రైతు రెండింటికీ ఒకే కూలి ఇస్తాడు.

పని లోపల ఏముందో చేసిన మనిషికి తెలుసు, చేయించుకున్న మనిషికి తెలియదు. పూచీ ఎందుకివ్వాలి అన్న ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదే. దాచిన భాగం ఎవరికి తెలుసో, అది చెడినప్పుడు వచ్చే నష్టం కూడా వారి మీదే ఉండాలి. లేకపోతే తెలిసినవారికి జాగ్రత్త పడవలసిన అవసరం ఉండదు, జాగ్రత్త పడదామనుకునేవారికి తెలుసుకునే దారి ఉండదు.

వేసవిలో పైరు ఎండిపోతుంటే రైతుకు తొందర ఎక్కువ. "సాయంత్రానికి ఇచ్చెయ్యి మేస్త్రీ, తోట చచ్చిపోతోంది" అని బతిమాలేవారు. తోట సంగతి నిజమే. కానీ వార్నిష్ ఆరడానికి పెద్ద బల్బు కింద పెట్టినా ఒక రాత్రంతా కావాలి. నాన్నగారు ఎంత దగ్గరివారికైనా, "రేపు పొద్దున రా బాబాయ్, ఆరు నెలలకు సంతకం పెట్టేది నేను కదా" అనేవారు. తొందర చేసేది రైతు, ఆపేది మెకానిక్. మామూలుగా దీనికి ఎదురుగా జరుగుతుందని మనం అనుకుంటాం. బిల్లు వెనక ఆ వాక్యం లేకపోయి ఉంటే సాయంత్రమే ఇచ్చేయడం ఇద్దరికీ సుఖంగా ఉండేది, మోటారు మరుసటి నెలలో మళ్ళీ కాలేది. పూచీ అంటే పని చెడిన తరువాత పనికొచ్చే కాగితమని చాలామంది అనుకుంటారు. మా షాపులో అది మోటారు మూత బిగించక ముందే, ఆ రాత్రే తన పని చేసేది.

గొడవలు రాలేదని చెప్పను. నెల తిరక్కుండా మోటారు తెచ్చి గడపలో దించి, "ఇదేనా నువ్విచ్చిన గ్యారంటీ" అని కేకలు వేసినవారున్నారు. అప్పుడు నాన్నగారు వాదించకుండా వారిని పక్కన కూర్చోబెట్టుకొని వారి ముందే మోటారు విప్పేవారు. కాలిన తీగ తానెందుకు కాలిందో చెబుతుంది. మూడు ఫేజుల్లో ఒక ఫేజు పోయినా మోటారు తిరుగుతూనే ఉంటే తీగచుట్టలన్నీ ఒకేలా కాలవు. కొన్ని బొగ్గులా నల్లబడతాయి, వాటి పక్కవి రాగి రంగులోనే నిగనిగలాడుతుంటాయి. ఓల్టేజి తగ్గి ఎక్కువ సేపు నడిచినా, బరువు మించినా అన్నీ సమానంగా కమిలిపోతాయి. ఒకే చోట, ఒకే గాడి దగ్గర చిన్న నల్ల మచ్చలా కాలి మిగతాదంతా బాగుంటే అది ఎక్కువగా చుట్టినవారి తప్పే. మొదటి రెండు రకాలైతే రైతుకు చూపించి, స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే (బరువు మించితే కరెంటు ఆపేది) పనిచేస్తోందో లేదో చూసుకోమని చెప్పి, సగం కూలికి చుట్టి ఇచ్చేవారు. మూడోదైతే మాట్లాడకుండా తీగ కోయడం మొదలుపెట్టేవారు. ఏడాదికి అలాంటివి రెండో మూడో ఉండేవి. ఆ రాగి ఖర్చు ఆ నెల ఇంట్లో తెలిసేది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఒంగోలులోని మా ఇంటి డాబా. ఇల్లు కట్టి పన్నెండేళ్ళయ్యాక శ్లాబు కారడం మొదలైంది. 2021లో ఒక వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టరును పిలిపించాను. ఆయన డాబా కొలిచి, 48,000 రూపాయలు చెప్పి, "పదేళ్ళు గ్యారంటీ సార్, చుక్క కారితే నన్నడగండి" అన్నాడు. మూడు రోజుల్లో తెల్లటి రసాయన పూత రెండు కోట్లు వేశారు. చూడడానికి ఎంతో శుభ్రంగా ఉంది. డబ్బు నగదుగా ఇచ్చాను. బిల్లు తరువాత పంపుతానన్నాడు, నేనూ గట్టిగా అడగలేదు. మరుసటి ఏడాది కార్తీకంలో వాయుగుండం పట్టి మూడు రోజులు ఎడతెగకుండా కురిసినప్పుడు నడిగదిలో పాత మచ్చ మళ్ళీ తేలింది. ఆయనకు ఫోను చేస్తే, "శ్లాబు పాతది కదా సార్, మా పూత తప్పు కాదు" అన్నాడు. వచ్చి చూడమన్నాను. వస్తానన్నాడు. తరువాత ఫోను ఎత్తడం మానేశాడు. కొన్నాళ్ళకు ఆ నంబరే పనిచేయలేదు.

కిందటేడు వేసవిలో వేరొక మేస్త్రీ వచ్చి పిట్టగోడ మూల దగ్గర గోటితో గీకితే ఆ పూత అప్పడంలా లేచి వచ్చింది. కింద దుమ్ము అలాగే ఉంది. శ్లాబును కడిగి ఆరబెట్టకుండా దుమ్ము మీదే పూశారు. పిట్టగోడ శ్లాబును కలిసే చోట నీరు నిలవకుండా గుండ్రంగా సిమెంటు పట్టీ వేయాలి, అది వేయలేదు. వాననీటి గొట్టం చుట్టూ సందు పూడ్చలేదు. పని అయ్యాక డాబా మీద నీళ్ళు కట్టి ఒకటి రెండు రోజులు నిలిపి కింద గదిలో చెమ్మ వస్తుందో లేదో చూడాలి, ఆ పరీక్ష చేయనే లేదు. వీటిలో ఏ ఒక్కటీ నాకు ఆ రోజున తెలియదు. ఆయనకు అన్నీ తెలుసు. పదేళ్ళ మాట నోటితో ఇచ్చిన మనిషి, ఆ పదేళ్ళకూ నిజంగా జవాబు చెప్పవలసి వస్తుందని అనుకొని ఉంటే దుమ్ము మీద పూత వేసి ఉండేవాడు కాడు. నాకు కోపం వచ్చిన సంగతి అక్కడే ఉంది. శ్లాబులు కారడం మామూలే. కానీ పూచీ అనే మాటను గిరాకీ కోసం వాడుకొని, దాని బరువును మాత్రం మోయకుండా తప్పుకోవడం నాకు మోసంగానే కనిపిస్తుంది.

చట్టం ఇలాంటివారిని వదలలేదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం ప్రకారం, ఒప్పుకున్న పనిలో నాణ్యత తగ్గినా, చేసిన తీరులో కొరత ఉన్నా అది సేవాలోపమే. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా ఆ చట్టంలో ఉంది. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు, 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు, వకీలు లేకుండా మన మాట మనమే చెప్పుకోవచ్చు. ఫిర్యాదు రెండేళ్ళ లోపు చేయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేస్తే ముందు రాజీకి ప్రయత్నిస్తారు. ఇవన్నీ ఉన్నా నా చేతిలో బిల్లు లేదు, డబ్బు ఇచ్చిన ఆధారం లేదు, ఎదుటి మనిషి చిరునామా లేదు. దేని మీద వెళ్ళను? చట్టం పనిచేయడానికి ముందు ఒక కాగితం ఉండాలి, ఆ కాగితం పని చేసేవారే ఇవ్వాలి.

పెద్దవారు పని చేయించుకునేటప్పుడు ఈ సంగతి వారికి బాగా తెలుసు. కేంద్ర ప్రజాపనుల శాఖ భవనాల్లో వాటర్‌ప్రూఫింగ్ చేసే కాంట్రాక్టరు నుంచి పదేళ్ళ గ్యారంటీ పత్రం రాయించుకుంటారు, పని విలువలో కొంత భాగాన్ని చెల్లించకుండా అట్టిపెట్టుకుంటారు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డు వేసినవారు అయిదేళ్ళ పాటు దాన్ని బాగు చేస్తూ ఉండాలి, ఆ సంగతి ఊరి మొదట్లో బోర్డు మీద రాసి ఉంటుంది. 2016 రియల్ ఎస్టేట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాటు అప్పగించిన అయిదేళ్ళలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో అదనపు సొమ్ము లేకుండా బిల్డరు సరిచేయాలి. కానీ సొంత స్థలంలో మేస్త్రీని పెట్టుకొని ఇల్లు కట్టుకున్నవారికి, డాబాకు పూత వేయించుకున్నవారికి, గీజరు బిగించుకున్నవారికి అలా ముందే రాసిపెట్టిన గడువు లేదు. ప్రభుత్వం తన కోసం రాయించుకున్న షరతును మామూలు మనిషి అడిగితే, "నమ్మకం లేదా సార్" అన్న ప్రశ్న ఎదురవుతుంది. నమ్మకం ఉంది కాబట్టే పిలిచాం. ఆ నమ్మకానికి ఒక తేదీ, ఒక సంతకం కావాలని అడగడం అవమానించడం కాదు.

దీనికి ఎదురుమాటగా పనివారు చెప్పేది ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేము. అన్ని పనుల ఫలితమూ చేసేవారి చేతిలో ఉండదంటారు. నిజమే. మా వైపు బోర్లు వేసేవారినే తీసుకుందాం. 400 అడుగులు వేసినా నీరు పడకపోవచ్చు, పక్క పొలంలో 150 అడుగులకే పడవచ్చు. నీళ్ళు పడతాయని ఏ బోరు లారీ యజమానీ పూచీ ఇవ్వలేడు. ఇస్తానన్నవారిని నమ్మకూడదు కూడా. కానీ ఎన్ని అడుగులు వేశానని చెబుతున్నాడో అన్ని అడుగులూ వేశాడా, గట్టి రాయి తగిలే దాకా కేసింగ్ పైపు దింపాడా, చెప్పిన మందం పైపే వేశాడా అన్నవి పూర్తిగా ఆయన చేతిలోవే. నీటికి పూచీ లేకపోయినా లోతుకు పూచీ ఉండాలి. కేసింగ్ తగ్గించి వేస్తే నీళ్ళు పడిన బోరు కూడా పై మట్టి జారి పూడుకుపోతుంది. దానికి రైతు తన తలరాతను తిట్టుకుంటాడు, అక్కడ తప్పు తలరాతది కాదు.

వైద్యం విషయంలో సుప్రీంకోర్టు ఇదే గీత గీసింది. 1995లో వి.పి. శాంత కేసులో డబ్బు తీసుకొని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవేనని చెప్పింది. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో, రోగం పూర్తిగా నయమవుతుందని వైద్యుడు హామీ ఇవ్వడనీ, ఇవ్వలేడనీ, తనకు కావలసిన నైపుణ్యం ఉందనీ, దాన్ని తగిన శ్రద్ధతో వాడతాననీ మాత్రమే ఆయన ఒప్పుకున్నట్టనీ వివరించింది. ఫలితం వేరు, పని వేరు. ఫలితానికి పూచీ ఇవ్వలేనన్న మాట నిజాయితీ అయినదే. ఆ మాటను అడ్డం పెట్టుకొని పనికి కూడా పూచీ ఎగ్గొట్టడం మాత్రం ఒప్పుకోదగినది కాదు.

ఈ భేదం కొత్తగా కనిపెట్టింది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగో అధికరణం (భాగం) మొదలయ్యేదే చేతిపనివారి నుంచి ప్రజలకు రక్షణ అన్న అధ్యాయంతో. చోటు, కాలం, పని నిర్ణయించుకున్న ప్రకారం చేయాలనీ, చేయవలసిన పనిని వేరొక విధంగా చేస్తే కూలి పోవడమే కాక దానికి రెట్టింపు దండన అనీ అందులో ఉంది. వస్తువు పోయినా చెడినా పనివారే పూడ్చాలి, అయితే ఆపద వల్లా అనుకోని ప్రమాదం వల్లా జరిగినదానికి మినహాయింపు ఉంది. పనివారికి అప్పగించిన సొమ్ముకు వారి శ్రేణి, అంటే ఆ పనివారి సంఘం, పూచీగా నిలవాలన్న నియమం కూడా అక్కడే ఉంది. ఒంటరి పనివాడికి భారమైన పూచీని శ్రేణి కలిసి మోయడం అన్న ఆ చివరి మాట నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

ఎందుకంటే చిన్న పనివారికి పూచీ నిజంగానే బరువు. రోజు కూలి మీద బతికే ప్లంబరును రెండేళ్ళ గ్యారంటీ రాసివ్వమంటే, మధ్యలో పైపు నాసిరకమై పగిలినా ఆయనే మోయవలసి వస్తుంది. అందుకే పూచీకి హద్దులు కావాలి. సామాను ఎవరు కొన్నారు, దేనికి బాధ్యత, ఎన్నాళ్ళు, మధ్యలో ఇంకొకరు చెయ్యి పెడితే ఏమవుతుంది అన్నవి ముందే తేల్చుకోవాలి. మా నాన్నగారు మూత బోల్టు మీద ఎర్ర రంగు చుక్క పెట్టేవారు. ఆ చుక్క చెదిరితే వేరొకరు విప్పినట్టు లెక్క, పూచీ ఉండదు. దానికి ఏ రైతూ అభ్యంతరం చెప్పలేదు. పూచీకి అయ్యే ఖర్చు కూలిలో కలవడం కూడా న్యాయమే. నేను రెండు వేలు ఎక్కువ ఇచ్చి పూచీ ఉన్న పని చేయించుకోవడానికే ఇష్టపడతాను. యాప్‌ల ద్వారా ఇంటికి మనిషిని పంపే సంస్థలు ఇప్పుడు కొన్నాళ్ళ హామీ ఇస్తున్నాయి, అది మంచి మార్పే. అయితే మళ్ళీ చేయవలసిన పని ఖర్చును ఆ వచ్చిన కుర్రవాడి రోజు సంపాదనలోంచి కోయకూడదు. గిరాకీ నుంచి సొమ్ము తీసుకున్నది సంస్థ అయితే పూచీ కూడా సంస్థదే కావాలి.

ఈసారి పని ఇచ్చే ముందు నేను కొత్త మేస్త్రీతో అరగంట కూర్చున్నాను. పని విలువ 62,000 అని తేలింది. అందులో 6,000 నా దగ్గర ఉంచుకొని, మా వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే గనుక సంక్రాంతి దాటాక ఇస్తానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఇంతవరకూ ఎవరూ ఇలా అడగలేదండీ, కానీ సరే" అన్నాడు. తరువాత తన షరతు తాను చెప్పాడు. డాబా మీద నీళ్ళ ట్యాంకు దిమ్మె గానీ, డిష్ కాళ్ళు గానీ తనకు చెప్పకుండా మేకులు కొట్టి బిగిస్తే తన పూచీ పోతుందన్నాడు. అది ఆయన ఎర్ర చుక్క అని నాకు వెంటనే అర్థమైంది, సంతోషంగా ఒప్పుకున్నాను. ఇద్దరం కలిసి ఒక తెల్ల కాగితం మీద రాసుకున్నాం. పాత పూత మొత్తం గీకి శ్లాబు కడిగి ఆరబెట్టడం, గొట్టాల వైపుకు వాలు సరిచేయడం, పిట్టగోడ చుట్టూ సిమెంటు పట్టీ, రెండు రోజులు నీళ్ళు కట్టి పరీక్ష, అయిదేళ్ళలోపు ఆ పూత వల్ల కారితే పిలిచిన పదిహేను రోజుల్లో వచ్చి కూలి, సామాను తనవే పెట్టుకొని బాగుచేయడం. తేదీ వేసి ఇద్దరం సంతకాలు చేశాం. ఆయన ఆధార్ నకలు తానే ఇచ్చాడు, డబ్బు బ్యాంకు ద్వారా పంపాను.

పని ఎనిమిది రోజులు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం మబ్బు పట్టింది. అప్పటికి పూత ఒక కోటు వేసి ఉంది. రెండో కోటు కూడా వేసేసి వెళ్ళిపోతారేమో, వానకు ముందే అయిపోతే మంచిదే కదా అని నేనే అడిగాను. ఆయన డాబా మీద అరచేయి ఆనించి చూసి, ఇంకా చెమ్మ ఉందండీ, రేపు ఎండ చూసి వేస్తాను అని టార్పాలిన్ కప్పించి వెళ్ళాడు. ఆ కాగితం నకలు ఒకటి ఆయన దగ్గర ఉంది, నా నకలు కరెంటు బిల్లుల ఫైలులో పెట్టాను. వానాకాలం ఇంకా పూర్తి కాలేదు. ఆరు వేలు నా దగ్గరే ఉన్నాయి, సంక్రాంతి మరునాడు ఇస్తాను.